దిష్టి కళ్ళ అపోండి

అపోండి తేరిపార చూసిన చేపను వండుకు తింటే కడుపులో కత్తులు తిరుగుతాయని సరస్సు ఒడ్డున న్యాలువా రేవులో చెప్పుకునేవారు. బుట్టలోంచి చేపను తీసి, మొప్ప ఎత్తి, ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని చూస్తుందట. నచ్చకపోతే మాటైనా లేకుండా మళ్ళీ బుట్టలో పడేస్తుందట. ఆ చేపను ఆ తర్వాత ఎవరు కొన్నా, ఆ పూట వాళ్ళింట్లో ఒకరు కడుపు పట్టుకుని దొర్లాల్సిందే. అది మామూలు చూపు కాదు, సిహోహో, దిష్టి కన్ను అనేవారు. ఆమె వస్తోందంటే చేపలవాళ్ళు బుట్టల మీద గుడ్డలు కప్పేవారు.

అకెలో అపోండి ఇంటికి కోడలిగా వచ్చిన వారంలోనే ఈ మాట ఆమె చెవిన పడింది. చెప్పినవాళ్ళు పాపం అన్నట్టు చూశారు. అకెలో నోరున్న పిల్ల కాదు. అత్త పక్కన పీట వేసుకుని, అత్త చేతులు చూడడం మొదలుపెట్టింది.

అపోండి తిలాపియాలను కొని, కోసి, నూనెలో వేయించి సంతలో అమ్మేది. కొనేముందు మొప్పలోకి బొటనవేలు దూర్చి ఆడించేది. పొట్ట చీల్చాక కార్జాన్ని రెండు వేళ్ళ మధ్య నొక్కేది. బిగువుగా ఉంటే ఆ చేప మూకుట్లోకి వెళ్ళేది. ఉడికిన చిలగడదుంపలా చితికిపోతే పెరట్లో తవ్విన గోతిలోకి వెళ్ళేది.

"డబ్బు పోసి కొన్నదే కదా అత్తా, పారేస్తున్నావేం?" అని ఒకరోజు అకెలో ధైర్యం చేసి అడిగింది.

"నీ మామ కార్జం ఇలాగే పోయింది. ఆయన సారా తాగేవాడు, సరే. చేప తాగదు గదే! మరి దీని కార్జం ఎందుకు కుళ్ళింది?"

అకెలో చితికిన కార్జాన్ని తానూ వేళ్ళతో నొక్కి చూసింది.

"ఏటి ఎగువన చెరకు మడ్డి కాచి సారా తీస్తారు చూడు, ఆ ఫ్యాక్టరీ సారా మనవాళ్ళు తాగుతారు. అది కడిగిన నీళ్ళు చేపలు తాగుతాయి, వానలప్పుడైతే మరీనూ," అంది అపోండి. తర్వాత కోడలి బొటనవేలు పట్టుకుని ఒక మొప్పలో పెట్టింది. "దువ్వెన పళ్ళలా విడివిడిగా ఉన్నాయా? ఇది మంచిది. ఇప్పుడు దీన్ని చూడు."

రెండో చేప మొప్పలో పళ్ళు జిగురు పట్టి ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. చెడ్డ నీళ్ళు తగిలితే చేప తనను తాను కాపాడుకోవడానికి అంత జిగురూ కక్కుకుంటుందనీ, చివరికి ఆ జిగురే దానికి ఊపిరి అందనివ్వదనీ అపోండి చెప్పింది. బడి మొహం ఎరగని మనిషి. ముప్పై ఏళ్ళుగా చేపలు కోసి నేర్చుకున్న చదువది.

ఆ ఏడు పెద్ద వానలు పడ్డ వారానికి ఒల్వాల్ చేపలు పెంచే తన వల పంజరాల్లోంచి కొన్ని పట్టి రేవుకు తెచ్చాడు. ఏరు సరస్సులో కలిసేచోట మూడు పంజరాలు కట్టి, ఉన్నదంతా వాటిలో పెట్టినవాడు. అపోండి వేలు పెట్టి చూసి చేపను దింపేసింది.

"ఒల్వాల్, వీటికి ఊపిరాడ్డం లేదు. పంజరాలు లోపలి నీళ్ళలోకి లాక్కో నాయనా."

"న్యార్ సకువా, నువ్వు చేపల డాక్టరమ్మవి ఎప్పుడయ్యావ్? ఎక్కిళ్ళేమైనా వస్తున్నాయేమో అదీ చూడు!" అన్నాడతను. ఆమె పుట్టిల్లు సకువా, న్యార్ అంటే అక్కడి ఆడపడుచు. రేవంతా పగలబడి నవ్వింది.

మూడోనాడు పొద్దున్నే మూడింటిలో రెండు పంజరాల నిండా చేపలు తెల్లటి పొట్టలు పైకి తేల్చి కనిపించాయి. ఒల్వాల్ తిన్నగా వీళ్ళ వాకిట్లోకి వచ్చాడు. "చూసింది, అంది, చచ్చాయి! ఇంకేం సాక్ష్యం కావాలి?" అని అరిచాడు. రేవు కమిటీ పెద్ద ఒగుటు బుధవారం నాడు అందరినీ కూర్చోబెట్టాడు. అపోండి ఇక రేవులో కాలు పెట్టకూడదని చాలామంది మాట. దిష్టి పేరు పడ్డ మనిషికి పక్క రేవులోనూ ఎవరూ చేప అమ్మరు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళకూ ఆ మూకుడు తప్ప మరో ఆధారం లేదు.

"నేను చూస్తే చస్తాయి, అంతేగా?" అంది అపోండి నిలబడి. "అయితే చచ్చినవే తెండి. ఏటి మూతి దగ్గరవి కొన్ని, నడి సరస్సువి కొన్ని. నాకు తెలీకుండా తోకకు గాటు పెట్టి గుర్తుంచుకుని కలిపెయ్యండి. ఏవి ఎక్కడివో చెప్పలేకపోతే నేనే వెళ్ళిపోతా."

"చెబితే?" అన్నాడు ఒగుటు.

"చెబితే నా మాట వినండి. నాకు దండలేం వద్దు."

ఇరవై చేపలు కలిపారు. నడి సరస్సు చేపలు ఆ పొద్దున వేట నుంచి వచ్చిన జాలరి ఒదోంగో పడవవి. అపోండి తుంగచాప మీద చతికిలబడి ఒక్కో చేప మొప్పలో వేలు తిప్పి, వాసన చూసి, కుడికీ ఎడమకీ వేస్తూ పోయింది. అంతా అయ్యాక ఒగుటు వంగి తోకలు చూశాడు. ఒక్కటి తప్పింది. ఒదోంగో పడవ చేప ఒకటి ఏటి మూతి కుప్పలో ఉంది.

"అదిగో! తప్పింది!" అని ఒల్వాల్ గంతేశాడు.

"తప్పలేదు," అంది అపోండి. "ఆ పడవతణ్ణే అడగండి."

అందరూ తిరిగి చూశారు. ఒదోంగో తల గోక్కున్నాడు. "అంటే... వల బరువు తక్కువుందని తిరిగొచ్చేప్పుడు ఏటి మూతి దగ్గర ఒక్కసారి విసిరా. ఒక్కసారే!"

"ఒక్కసారికి ఒక్క చేప. లెక్క సరిపోయింది," అని ఒగుటు నవ్వేశాడు. ఒదోంగో మీద అతని పెళ్ళాం వేసిన కేకకు అందరూ నవ్వారు. ఒల్వాల్ మాత్రం నవ్వలేదు. వంగి రెండు కుప్పల్లోనూ మొప్పలు ఎత్తి చూసి, "ముందే అన్నావు గదమ్మా, నేనే విన్లేదు," అన్నాడు.

వానలు తగ్గేదాకా ఏటి మూతిలో వల వేయకూడదని ఆ రోజే అనుకున్నారు. ఒల్వాల్‌కు మిగిలిన ఒక్క పంజరం తాళ్ళు విప్పి నడి నీళ్ళకు లాగారు. ఫ్యాక్టరీ మీద అర్జీ పెడతామన్నారు. దాని సంగతి ఇంకా తేలలేదు, కడుగు నీళ్ళు ఇంకా వస్తూనే ఉన్నాయి. మర్నాటి నుంచి ఆడవాళ్ళు బుట్టల మీద గుడ్డలు తీసేసి, "ఇదెలా ఉంది చెప్పవూ" అంటూ అపోండి చేతికి చేపలు అందించడం మొదలుపెట్టారు.

ఆ బుధవారం ఇంటికి నడుస్తుంటే అపోండి కోడలి భుజం మీద చేయి వేసింది. రోజూ వేసే చెయ్యే.

"అకెలో, ఆ చెడ్డ కుప్పలో మొప్పలు ఏ రంగులో ఉన్నాయే?"

"కాఫీ రంగు అత్తా. నువ్వు చూశావు గదా!"

అపోండి చూడలేదు. రెండు కళ్ళకూ పొరలు కమ్మి, చూపు ఆనక అప్పటికి నాలుగేళ్ళు.