ఏ నరం కోస్తారో అడగలేదు

పోయిన ఏడాది వేసవి. ఉదయం పదిన్నర అయి ఉంటుంది. నరసరావుపేటలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని పెళ్లి జాకెట్టు చేతుల మీద పూసలు కుడుతున్నాను. ఉన్నట్టుండి నా కుడి చేతి చిటికెన వేలు నాది కానట్టు అనిపించింది. విదిలించాను. పక్కనున్న ఉంగరపు వేలు కూడా మొద్దుబారి ఉంది, అయితే చిటికెన వేలి వైపు సగమే. గీత గీసి పంచినట్టు ఆ సగానికి స్పర్శ లేదు, ఈ సగానికి ఉంది. చెయ్యంతా తిమ్మిరెక్కితే ఎవరూ భయపడరు. ఒకే వేలు రెండుగా చీలినట్టు ఉండేసరికి నాకు భయమేసింది.

నా పేరు షకీలా. పదకొండేళ్లుగా మగ్గం వర్క్ చేస్తున్నాను. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, సూదితో జరీ, పూసలు కుట్టే పని. రోజుకు ఏడెనిమిది గంటలు మోచేతులు మడిచి, ఆ చెక్క మీద ఆనించి కూర్చుంటాం. మా ఆయన మస్తాన్ బళ్ల మెకానిక్. ఆయన చేతికి గ్రీజు, నా చేతికి జరీ, ఇద్దరివీ చేతుల మీద బతుకులే. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. కుడి చెయ్యి పోతే నాకు ఇంకో విద్య రాదు.

నేను పుట్టు పిరికిదాన్ని. బీపీ చూసే పట్టీ బిగుస్తుంటేనే కళ్లు మూసుకుంటాను. అందుకే రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. మూడో వారం టీ గ్లాసు చేతిలోంచి జారింది. తరువాత కత్తెర. అన్నం కలుపుతుంటే మెతుకులు వేళ్ల సందుల్లోంచి రాలిపోయేవి.

"ఏందే, చంటిపిల్ల తిన్నట్టు తింటన్నావ్?" అని మా ఆయన నవ్వాడు. నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడు చెప్పాను. ఆయన నవ్వడం మానేసి, సగం తిన్న కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడే ఊళ్లోని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాం. పెద్దాయన, నిదానస్తుడు. మెడకు ఎక్స్-రే తీయించి, "ఎముకలు కొంచెం అరిగాయమ్మా. సర్వైకల్ స్పాండిలోసిస్ కావచ్చు. ముందు మూడు వారాలు ఇది పెట్టుకో" అని కాలర్ ఇచ్చారు. పల్నాడు ఎండలో మెడకు కాలర్ ఎలా ఉంటుందో పెట్టుకున్నవాళ్లకే తెలుసు. మెడంతా చెమటకాయలు లేచాయి. వేళ్లలో మాత్రం మార్పు లేదు.

రెండోసారి వెళ్లినప్పుడు ఆయన చాలాసేపు చూశారు. మోచేతి లోపలి వైపు, ఎముక పక్కనున్న గాడిలో వేలితో తట్టారు. చిటికెన వేలి చివరిదాకా కరెంటు పాకింది. తరువాత ఒక కాగితం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, "బొటనవేలు మడవకుండా గట్టిగా పట్టుకో, నేను లాగుతా" అన్నారు. ఎడమ చేతితో పట్టుకుంటే కాగితం చిరిగింది. కుడి చేతిలోంచి ఊరికే వచ్చేసింది.

"ఒంటి మీద తెల్లమచ్చలేమైనా ఉన్నాయా? స్పర్శ లేని మచ్చలు?" అని అడిగారు.

ఆయన ఏ జబ్బు కోసం వెతుకుతున్నారో నాకు అర్థమైంది. పేరు చెప్పడానికి కూడా మా వీధిలో గొంతు తగ్గించే జబ్బు అది. దూదితో, గుండుసూదితో వీపు, చేతులు, కాళ్లు చూస్తున్నంతసేపూ నా పై ప్రాణాలు పైనే పోయాయి. చివరికి, "కుష్ఠు కాదమ్మా. అయినా దానికీ ఇప్పుడు మంచి మందులున్నాయి, అంత వణకక్కర్లేదు" అన్నారు. సూది కోసం సోదికి పోయినట్టు, రక్తపరీక్షల్లో రక్తం తక్కువనీ, బీ ట్వెల్వ్ తక్కువనీ కొత్త సంగతులు బయటపడ్డాయి. అసలు సంగతి తేలాలంటే గుంటూరులో నర్వ్ కండక్షన్ స్టడీ చేయించాలన్నారు.

ఆ పరీక్షలో చేతికి వైర్లు అంటించి చిన్న చిన్న షాకులిస్తారు. నొప్పి పెద్దగా లేదు. మణికట్టు దగ్గర షాకిస్తే చిటికెన వేలు టక్కున ఎగిరింది. మోచేతి పైన ఇచ్చినప్పుడు సోమరిగా కదిలింది. అక్కడి అమ్మాయి మళ్లీ ఇచ్చింది, మళ్లీ అంతే. ఆమె స్క్రీన్ వైపే చూస్తూ ఉండటం షాకు కన్నా ఎక్కువ భయపెట్టింది.

రిపోర్టు పట్టుకుని అక్కడే చేతుల ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాం. బయట జనం కిక్కిరిసి ఉన్నారు. ఆవిడ గబగబా చెప్పారు. "క్యూబిటల్ టన్నెల్ సిండ్రోమ్. మోచేతి దగ్గర అల్నార్ నర్వ్ నొక్కుకుపోయింది. కండ కరగడం మొదలైంది, ఆలస్యం చేయకండి. మోచేతి దగ్గర నరం కట్ చేసి ఫ్రీ చేద్దాం. వచ్చే వారం రండి."

ఆవిడ నిజంగా ఆ మాటలే అన్నారో, "నరం దగ్గర" అన్నారో నేను ఇప్పటికీ ఒట్టేసి చెప్పలేను. నా చెవిన పడింది మాత్రం నరం కట్ చేస్తారనే. మా ఇళ్లలో నరం అంటే అన్నిటికీ ఒకటే మాట. రక్తం పారేదీ నరమే, బెణికితే పట్టేసేదీ నరమే, కోడి కాలు కొరికితే పళ్లలో చిక్కేదీ నరమే. నరం తెగితే మనిషి పోతాడని చిన్నప్పటి నుంచి విన్నాను. ఏ నరం అని అడగాల్సింది. తలూపి బయటికొచ్చాను.

బస్టాండులో మా ఆయన మొహం కూడా పాలిపోయి ఉంది. "క్లచ్ వైరు పట్టేస్తే నూనె పోస్తాం గానీ కోస్తామా? కోస్తే బండి ఎట్టా కదిలిద్ది? ఉన్న చెయ్యి కూడా పోయిద్ది. వొద్దు, పోదాం పా" అన్నాడు. నాకు కావలసింది కూడా ఆ మాటే. నరసరావుపేట బస్సెక్కి కూర్చున్నాక గానీ ఊపిరి ఆడలేదు.

మా పుట్టిల్లు నడికుడి. అమ్మకు ఫోన్లో చెబితే, "నరం మీద నరం ఎక్కి ఉంటదే. కోతలు గీతలు ఎందుకు? మన ఊళ్లో బెణుకులు చూసే తాత సవరిస్తాడు, చానామందికి తగ్గింది, రా" అంది. పిడుగురాళ్ల మీదుగా బస్సులు మారి వెళ్లాను. ఆ తాత బెణుకులు సవరించడంలో మంచి పేరున్నవాడు. గోరువెచ్చటి నూనె రాసి, డాక్టరు తట్టిన గాడిలోనే బొటనవేలు దించి, "దొరికిందమ్మా నరం, ఓర్చుకో" అని రుద్దాడు. కళ్లలో మెరుపులు కనిపించాయి. అంత నొప్పి పెట్టిందంటే పని చేస్తోందనుకున్నాను. వారం వారం వెళ్లి నాలుగుసార్లు రుద్దించుకున్నాను. ఆయన మోసగాడు కాదు. ఆయనకు తెలిసిన నరం వేరు, నాకు దెబ్బ తిన్న నరం వేరు.

నాలుగోసారి అయ్యాక చిటికెన వేలూ ఉంగరపు వేలూ లోపలికి వంకర తిరిగాయి. ఎడమ చేత్తో సాగదీస్తే సాగేవి, వదిలితే మళ్లీ ముడుచుకునేవి. బొటనవేలి పక్కన చేతి వెనక కండ ఉండే చోట గుంత పడింది. సూది నిలవడం లేదు. పెళ్లి జాకెట్లన్నీ వెనక్కి ఇచ్చేశాను. అడిగినవాళ్లకు జ్వరమని అబద్ధం చెప్పాను. చెయ్యి కొంగు కింద దాచుకుని తిరిగేదాన్ని.

ఒక ఉదయం చపాతీలు కాలుస్తున్నాను. మాడు వాసన వచ్చింది. చపాతీ తిప్పి చూస్తే తెల్లగానే ఉంది. అప్పుడు చూసుకున్నాను. నా అరచెయ్యి అంచు పెనానికి ఆని ఉంది. చర్మం ఉబ్బిపోయింది. నాకు ఏమీ తెలియలేదు. నొప్పి లేనందుకు నేను పెట్టిన కేకకు మా ఆయన బయటి నుంచి పరిగెత్తుకొచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అనే సామెత నా విషయంలో అక్షరాలా జరిగింది.

మళ్లీ ఎముకల డాక్టరు దగ్గరికే వెళ్లాం. కాలిన చోట కట్టు కడుతూ, "గుంటూరులో ఆపరేషన్ చేయించుకోలేదా?" అన్నారు.

"నరం కోసేస్తామన్నారు సార్, అందుకే వొద్దనుకున్నాం" అన్నాడు మా ఆయన.

డాక్టరు గారు కట్టు కట్టడం ఆపేశారు. మమ్మల్ని తిడతారనుకున్నాను. ఆయన మందుల చీటీ తిప్పి, మోచేతి బొమ్మ గీశారు. "ఇది నరం. దీన్ని ఎవరూ కోయరు. దీని మీద ఇదిగో, ఇట్టా పట్టీలా ఒక పొర ఉంటది. అది బిగుసుకుని నరాన్ని నొక్కుతోంది. కోసేది ఆ పొరని."

నేను ఆ బొమ్మ వంక చూశాను. లంగాకు బొందు దూర్చే మడత ఇరుకుగా కుడితే బొందు కదలదు. అప్పుడు మడత కుట్టు విప్పుతాం. బొందును ఎవరు కోస్తారు? ఈ మాటే పైకి అన్నాను.

"అంతేనమ్మా. ఇంత బాగా నేనూ చెప్పలేను" అన్నారాయన. తరువాత నా చేతి గుంత మీద వేలు పెట్టి, "కానీ మూడు నెలలు పోయాయి. రుద్దించుకున్నావు కూడా. నరం నిలబడుద్ది, పోయిన కండ అంతా తిరిగొస్తదని మాత్రం నేను మాటివ్వను" అన్నారు. భయం పోలేదు. పైగా నా మీద నాకే కోపం కూడా వచ్చింది.

గుంటూరులో ఆపరేషన్ రోజు చంకలో ఇంజక్షన్ ఇచ్చి చెయ్యి మాత్రమే మొద్దుబరిచారు. నర్సు ఎత్తిన చెయ్యి నాదని గాజుల మచ్చలు చూసి పోల్చుకున్నాను. పచ్చ గుడ్డ అడ్డం కట్టారు. కలమా చదువుకుంటూనే, ఉండబట్టలేక గుడ్డ ఇవతల నుంచి అడిగాను. "నరం కనపడతా ఉందా మేడం?"

"కనపడుతోంది. నొక్కుకున్న చోట సన్నబడింది."

"దాన్ని కోయరు కదా?"

"కోయనమ్మా. పైన పొర ఒక్కటే కోస్తున్నాను. అయిపోయాక చెబుతా" అన్నారు డాక్టరమ్మ. అన్నట్టే చెప్పారు.

కుట్లు విప్పాక కూడా వేళ్లు అలాగే ఉన్నాయి. ఆరో వారంలో చిటికెన వేలిలో చీమలు కుట్టినట్టు పోట్లు మొదలయ్యాయి. ఇది ఇంకెక్కడి రోగమని హడలిపోయి గుంటూరు పరిగెత్తాను. "మంచి సంగతే కదా, నరం మేలుకుంటోంది" అన్నారు డాక్టరమ్మ. మంచి సంగతికి కూడా వణికే అలవాటు నాకు అప్పటికే పడిపోయింది. ఫిజియోథెరపీలో స్పాంజి పిసకడం, వేళ్ల మధ్య కాగితం పట్టుకోవడం నేర్పారు. నాలుగు నెలలకు కాగితం నిలిచింది.

ఇప్పుడు ఏడాది దాటింది. మగ్గం మీద మళ్లీ కూర్చుంటున్నాను. మోచేతి కింద మడత పెట్టిన తువ్వాలు ఉంటుంది, అరగంటకోసారి లేచి చేతులు చాపుతాను. జరీ కుడతాను, పెద్ద పూసలు కుడతాను. సన్న ముత్యాలు మాత్రం వేళ్లలో నిలవవు, వాటిని ఇంకొకరికి ఇచ్చేస్తాను. చిటికెన వేలికి వేడి తెలుస్తోంది. చేతి వెనక గుంత పూడలేదు. ఇక పూడదని డాక్టరమ్మ చెప్పేశారు. ముందే వచ్చి ఉంటే అని ఆవిడ అనలేదు. నేనే రోజూ అనుకుంటాను.

ఇది చదివే అక్కలకూ అన్నలకూ ఒకే మాట చెబుతాను. డాక్టరు కోస్తామంటే, ఏది కోస్తారు, ఏది ఉంచుతారు అని అడగండి. కాగితం మీద గీసి చూపించమనండి. బయట జనం ఉన్నా, డాక్టరు విసుక్కున్నా, అర్థమయ్యేదాకా కుర్చీలోంచి లేవొద్దు. వాళ్ల విసుగు ఆ పూటకే. చెయ్యి మనకు చచ్చేదాకా కావాలి.