అన్నయ్యకు ఇవ్వలేకపోయిన మూత్రపిండం

మా అన్నయ్య వీరరాఘవయ్య గారు మొన్న శుక్రవారం ఒంగోలు ఆసుపత్రిలో కన్నుమూశారు. వదిన ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ అన్నయ్య..." అని ఆగిపోయింది. కొన్నేళ్లుగా డయాలసిస్ మీద ఉన్న మనిషి. ఆ మాట ఏనాడో ఒకనాడు వినవలసి వస్తుందని తెలుసు. తెలిసినంత మాత్రాన గుండె సిద్ధపడుతుందా?

పర్చూరు ప్రాంతంలో ఆయన్ను ఎరగని మిర్చి రైతు లేడు. గట్టు తగాదా వస్తే ఇరుపక్షాలూ ఆయన దగ్గరికే వచ్చేవి. ఇద్దరినీ తిట్టి, ఇద్దరికీ మజ్జిగ ఇప్పించి పంపేవారు. నోటికి జంకు లేదు గానీ, ఆ నోటితో పరనింద చేయగా నేను వినలేదు.

స్కానింగులో ఆయన మూత్రపిండాలు రెండూ కుంచించుకుపోయి కనిపించాయి. అవిక కోలుకోవనీ, డయాలసిస్ లేదా కిడ్నీ మార్పిడే గతి అనీ డాక్టరు గారు చెప్పారు. "ఎండు మిరపకాయల్లా అయ్యాయా అండీ?" అని అన్నయ్యే మమ్మల్ని నవ్వించబోయారు. ఎవరికీ నవ్వు రాలేదు.

వదినకు షుగర్, కిడ్నీ ఇవ్వడానికి పనికిరాదన్నారు. నేనున్నానుగా అన్నాను. రక్తం గ్రూపు కలిసింది. ఇస్తున్నానని ఊరంతా చెప్పుకున్నాను కూడా, నా స్వభావమే అంత. తీరా స్కాన్ చేస్తున్న డాక్టరమ్మ ఎడమవైపు పదేపదే వెతికి, "ఇదివరకు ఆపరేషనేమైనా అయిందామ్మా?" అని అడిగింది. లేదన్నాను. "మీకు పుట్టుకతోనే ఒక్కటే కిడ్నీ. ఇవ్వడానికి వీల్లేదు" అంది. సీటీ స్కాన్ కూడా అదే చెప్పింది. బయట కూర్చున్న అన్నయ్య దగ్గరికి ఏ ముఖంతో వెళ్లను?

సంగతి చెప్పగానే అన్నయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఒసేయ్ పిచ్చిదానా, ఒక్కదానితోనే ఇన్నాళ్లూ మా అందరి మీదా అంత పెత్తనం చేశావా?" అని నవ్వారు. నేను ఏడుస్తుంటే తల నిమిరి, "నాకోసం వచ్చావు కాబట్టి నీ సంగతి బయటపడింది. నా జబ్బు నీకైనా పనికొచ్చిందిలే" అన్నారు.

ఆనాటి నుంచి తన వ్యాధి కంటే నా ఒంటి కిడ్నీయే ఆయనకు పెద్ద దిగులైంది. గుక్కెడు నీళ్లకు కూడా ఆంక్ష ఉన్న మనిషి, తన నాలుక పిడచకట్టుకుపోతున్నా ఫోన్ చేసి, "నీళ్లు తాగావా? ఒళ్లు నొప్పులని బిళ్లలు మింగబాకు" అనేవారు. నేను విసుక్కునేదాన్ని. మరణించినవారి అవయవం కోసం పేరు నమోదు చేయించాం. ఆ పిలుపు రాకముందే గుండె ఆగిపోయింది.

అంతటి సహృదయుడు మా వంశంలో మళ్లీ పుట్టడు. అన్నయ్యా, అందరూ విధి అంటున్నారు. నేను అనలేను. నాకు రెండుండి ఉంటే ఇవాళ నువ్వు చేలో ఉండేవాడివి. నీ పాదాలకు ఒక నమస్కారం తప్ప ఈ చెల్లెలు నీకేమీ ఇవ్వలేకపోయింది.