గావుకేక

మాదాపూర్‌లో మా ఆఫీసు తొమ్మిదో అంతస్తులో ఉంది. సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు సూచనలు రాయడం నా ఉద్యోగం. తప్పుల్లేకుండా రాస్తానన్న పేరుండటంతో, ఎవరికి ఏ ఉత్తరం కావలసినా నా దగ్గరికే వస్తారు.

పోయిన వర్షాకాలం ఒక ఉదయం ప్యాంట్రీలోంచి కెవ్వుమని కేక వినిపించింది. పరుగెత్తాను. హౌస్‌కీపింగ్ ఆవిడ గోడకు ఆనుకుని కూలబడి ఉంది. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని వణుకుతోంది. మెదక్ వైపు మనిషి. హఫీజ్‌పేట్‌లో కిరాయికి ఉంటుంది. వేడినీళ్ల మిషన్ తుడవబోతే షాక్ కొట్టింది. వేళ్ల చివర్లు కమిలిపోయాయి.

"రెండు దినాల సంది చెప్తున్న మేడం, ముట్టుకుంటే జుమ్మంటదని. ఎవ్వరు ఇనలే."

అంతలో మా ఆఫీసు మేనేజర్ వచ్చాడు. మా భీమవరం వైపు ఆయనే, ఎప్పుడూ మెత్తగానే మాట్లాడతాడు. "ఇలా గావుకేకలు పెడితే ఎలాగమ్మా? పక్క గదిలో క్లయింటుతో కాల్ నడుస్తోంది" అన్నాడు. చెయ్యి ఎలా ఉందని అడగలేదు. నా వైపు తిరిగి, "మీరు ఈవిణ్ని పంపిన ఏజెన్సీకి ఓ ఉత్తరం రాసిపెట్టండి. ఆఫీసులో గావుకేకలు పెడుతోంది, మనిషిని మార్చమని" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ముందు మిషన్ సంగతి చూడండి" అన్నాను.

"అది వేరే విషయమండి."

ఆమెను కింద ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్లాను. మందు రాయించుకుని బయట కూర్చున్నాక అడిగింది: "మేడం, సార్ గావు అన్నడు. మీ దిక్కు గావు అంటే ఏంది?"

నాకు తెలియదు. ఎన్నోసార్లు వాడిన మాటే, ఎక్కడిదో ఎప్పుడూ ఆలోచించలేదు.

"మా దిక్కు గావు అంటే బలి. జాతరల పోతరాజు గావు పడ్తడు. మేకపిల్లను పండ్లతోని కొరుకుతడు. అది ఎట్ల ఒర్రుతదో! సార్ నన్ను గట్లనే ఒర్రినవు అన్నట్టే గదా?"

ఆ సాయంత్రం చందానగర్‌లో ఇంటికి వెళ్లి నిఘంటువు తీశాను. ఆమె చెప్పింది నిజమే. గావు అంటే గ్రామదేవతకిచ్చే బలి. ఆ కేక బలిచ్చేవాళ్లదా, బలయ్యేదానిదా అన్నది మాత్రం అందులో లేదు. ప్రాణం పోయే వేళ పుట్టిన మాటను, నొప్పితో అరిచిన మనిషిని వెక్కిరించడానికి వాడుతున్నాం. నేనూ వాడాను. సిగ్గేసింది, అంతకు మించి కోపం వచ్చింది.

మర్నాడు ఉత్తరం రాశాను. రెండు రోజులుగా ఆమె చెబుతూనే ఉందని, ఎవరూ వినలేదని, షాక్ కొట్టిందని రాసి, ఏజెన్సీతో పాటు మేనేజర్ పైఅధికారికీ పంపాను.

"నేనడిగింది ఇది కాదు కదండీ" అన్నాడు మేనేజర్.

"జరిగింది ఇదే కదండీ."

మధ్యాహ్నానికల్లా ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మిషన్‌కు ఎర్త్ వైరే లేదట. దాన్ని తీసేశారు. కానీ వారం తిరగకుండానే ఆమెను గచ్చిబౌలిలో వేరే బిల్డింగుకు పంపేశారు. ఎందుకని అడిగితే, "ఏజెన్సీ నిర్ణయమండి" అన్నాడు మేనేజర్.

ఆమెకు ఫోన్ చేశాను. "చెయ్యి మానింది మేడం, ఫికర్ చెయ్యకుండ్రి. ఈడ మొదటి దినమే చెప్పిన, కరెంటాయన వచ్చి చూసినంకనే మిషన్ ముట్టుకుంట అని. పిలిపిచ్చిండ్రు" అంది.

మేనేజర్ ఇప్పటికీ రోజూ పొద్దున నవ్వుతూ పలకరిస్తాడు. నేను బదులివ్వను.