గునుగు రంగు దండలు

అట్టలూడిన పాత పుస్తకాలను తీసేస్తున్నామని, ఏవి ఉంచాలో ఏవి వదిలేయాలో చూసిపెట్టమని మొన్న జనగామ గ్రంథాలయం నుంచి కబురు వచ్చింది. పదో తరగతి రెండుసార్లు తప్పి, ఆ తర్వాత చదువంతా ఆ బల్లల మీదే చదువుకున్నవాణ్ని కనుక ఆ పిలుపు నాకు సన్మానంలాగే తోచింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాను. చరిత్ర ఒక దొంతర, వైద్యం ఒక దొంతర, వ్యవసాయం ఒక దొంతరగా పేర్చుకుంటూ పోతుంటే అడుగున చేతిపనుల పుస్తకం ఒకటి దొరికింది. ముఖచిత్రం ఎప్పుడో పోయింది. చేతిలోకి తీసుకోగానే, దారాలకు రంగు అద్దడం గురించి చెప్పే పేజీ దగ్గర అది తనంతట తానే తెరుచుకుంది. కింది మూలన గులాబీ రంగు వేలిముద్ర. బొటనవేలిది. ఎవరో పాడుచేశారని ముందు కోపం వచ్చింది. తర్వాత గుర్తుకొచ్చింది, ఆ వేలు నాదే.

అది తెలంగాణ కోసం బస్సులు, బళ్లు, ఆఫీసులు అన్నీ ఆగిపోయిన సమ్మె కాలం. నాకు ముప్పై దాటాయి, పెళ్లి లేదు, పని లేదు. అన్నయ్య ఇంట్లో తింటూ, పొద్దున గ్రంథాలయానికీ, మధ్యాహ్నం దీక్షా శిబిరానికీ పోయేవాణ్ని. అన్నయ్య వ్యవసాయ మోటర్లకు వైండింగు చేసేవాడు. కరెంటు సరిగా లేక కాలిపోయిన మోటర్లు మా ఇంటి ముందు ఎప్పుడూ వరుసగా ఉండేవి. వాటిలోంచి తీసిపారేసిన రాగి తీగ ముక్కలను వదిన ఏరుకునేది. మంటలో కాల్చి, చింతపండుతో తోమి, వంచి చెవి కొక్కేలు చేసేది. వదినది పాలకుర్తి వైపు. చిన్నప్పుడు వాళ్ల చేను పక్క తండాలో ఆడవాళ్లు అద్దాలు, పూసలు, గవ్వలు కుట్టుకుంటుంటే గంటల తరబడి చూసేదట. వాళ్ల భాష రాకపోయినా చేతులు కదిలే తీరు పట్టేసిందట.

ఆమె సామానంతా ఒక బిస్కట్ల డబ్బాలో పట్టేది. తెగిన దండల పూసలు, చమ్కీలు, పట్టు దారం రీళ్లు, పెళ్లి పత్రికలు. పత్రికల అట్ట మందంగా ఉంటుంది కనుక మా వాడకట్టులో ఎవరి పెళ్లయినా, అక్షింతలు ఎండకముందే వదిన వెళ్లి పత్రికలు అడిగి తెచ్చుకునేది. నాలుగు బిళ్లలు కత్తిరించి, ఒకదాని మీద ఒకటి అంటించి, పోగు మీద పోగు ఎక్కకుండా దారం చుడితే అది చెవి బుట్టో మెడలో బిళ్లో అయ్యేది. వెనక వైపు మాత్రం అలాగే వదిలేసేది. అందువల్ల మా వీధి ఆడపిల్లల చెవుల వెనక 'బంధుమిత్రుల సమేతంగా' అనో, సగం తెగిన 'చి.ల.సౌ.' అనో కనిపిస్తూ ఉండేది. నేను నవ్వితే వదిన ఊరుకునేది కాదు. "నవ్వకు తమ్మీ. నీ పత్రిక ఎట్లైన అచ్చు కాకపాయె, ఊరోళ్ల పత్రికలన్న పనికి రానీ" అనేది. నాకు ఆమె పెట్టిన పేరు లైబ్రరీ సారు.

ఉద్యమంలో మా పట్టణం ఆడవాళ్లకు పెద్ద దిక్కుగా ఉన్నామెను అందరమూ కమిటీ అక్క అనేవాళ్లం. ఆమె భర్తకు ఒక ప్రైవేటు బడి ఉండేది. ఆ యేడు బతుకమ్మ పండుగ సమ్మెలోకే వచ్చిపడింది. ఒక రోజు ఆమె మా ఇంటికి వచ్చి, వదిన చేసిన బుట్టలను అటూ ఇటూ తిప్పి చూసింది.

"బతుకమ్మలు వట్టుకొని అందరం హైవే మీద కూసుంటం. మెడల అందరికి ఒక్కతీరు దండ ఉండాలె, బిళ్ల మన తెలంగాణ పటం లెక్క ఉండాలె. అరవై కావాలె. చేస్తవా?"

"చేస్త అక్కా. జర టైము ఇయ్యున్రి."

"మంచిగ చెయ్యి. బళ్లె పిల్లలకు చేతిపనులు నేర్పే టీచరు కావాలె మాకు. గీ దండలు అందరు మెచ్చితె గా కొలువు నీదే అనుకో."

ఆమె వెళ్లాక వదిన గడప దగ్గర అలాగే నిలబడింది. ఏడో తరగతితో చదువు ఆగిన మనిషి. ఆ రోజంతా అన్నయ్యతో ఏ మాట మాట్లాడినా చివరికి బడి దగ్గరికే తెచ్చేది. బడికి పోవడానికి మంచి చీరలు రెండే ఉన్నాయంది. పిల్లలు తనను టీచర్ అనాలా, మేడమ్ అనాలా అని నన్ను అడిగింది. మేడమ్ అనే అంటారని చెప్పాను. "మేడమ్" అని ఒకసారి తనే అనుకుని, నేను చూస్తున్నానని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పటం గీసింది నేను. గ్రంథాలయంలోని అట్లాసు మీద పల్చటి కాగితం పెట్టి, సరిహద్దు వంకరలన్నీ పోనివ్వకుండా దించుకొచ్చాను. దారం చుట్టేవాళ్లకు అన్ని వంకరలు ఎంత కష్టమో నాకేం తెలుసు. "జర గుండ్రంగ గీయరాదు?" అని వదిన అంటే, ఒక్క ఊరు కూడా వదలకూడదని చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆమె ఒక్క ఊరూ వదలకుండా కత్తిరించింది. కానీ దారం దగ్గర పని ఆగిపోయింది. గాజుల దుకాణం చాచా సగం దించిన షట్టరు కింద నుంచి తల బయటపెట్టి, "మాల్ యాడికెళ్లి వస్తది బేటా? బస్సు లేదు, లారీ లేదు. మన ఉద్యమమే మనకు అడ్డమొచ్చింది" అని నవ్వాడు. ఉన్న పట్టు దారం పది దండలకు కూడా చాలదు. వదిన పుట్టింటి నుంచి తెచ్చుకున్న బొంతలు కుట్టే తెల్ల నూలు దారం మాత్రం చుట్టలు చుట్టలుగా ఉంది.

రంగు గురించి ఆలోచన నాదే. బతుకమ్మ రోజులు కదా, ప్రతి ఇంట్లోనూ గునుగు పూలు ముంచడానికి రంగు పొడి పొట్లాలు ఉంటాయి. తెల్లటి గునుగు కట్టలను బకెట్లో ముంచి ఆరబెడితే సాయంత్రానికి గులాబీ, నీలం, పచ్చ. ఆ రంగు ఎంత నిలుస్తుందో అక్కడ ఎవరూ పట్టించుకోరు. పొద్దు గూకేసరికి బతుకమ్మ చెరువులోకి పోతుంది, రంగు నీళ్లలోకి పోతుంది. మిగిలేది ఆడవాళ్ల వేళ్ల మీద నాలుగు రోజులు. అందులో గులాబీ పొడితోనే దారానికి రంగు వేద్దామన్నాను. వదిన అనుమానంగా చూసింది. అప్పుడే నేను గ్రంథాలయం నుంచి ఈ పుస్తకం తెచ్చాను. పటిక నీళ్లలో నానబెట్టిన నూలును రంగు వదలదని అందులో ఉంది. గట్టిగా, రెండుసార్లు చదివి వినిపించాను. మంగలి షాపు నుంచి పటిక గడ్డ కూడా నేనే తెచ్చాను. బకెట్ పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని, చేయి తుడుచుకోకుండానే పేజీ పట్టుకున్నాను.

ఆరిన తర్వాత దారం ఎంత బాగుందో చెప్పలేను. వదిన ఒక పోగు చెంప దగ్గర పెట్టుకుని చూసుకుంది. తర్వాత అంది:

"ఒక్క పోగు తడిపి సూద్దామా తమ్మీ? గునుగు రంగు గదా, నాకు భయమైతుంది."

"మళ్ల తడుపుడు, మళ్ల ఆరవెట్టుడు. ఒక దినం పోతది. పుస్తకం రాసినోళ్లు పిచ్చోళ్లా వదినె?"

"నేను చదువుకోలే గని రంగులు ఎరుగుదు."

"చదువుకోలే గదా. మరి చదివినోని మాట ఇను."

విన్నది. నాలుగు రోజులు వంట కూడా సరిగా చేయకుండా అరవై దండలూ పూర్తిచేసింది. పటం నడుమ ఒక అద్దం బిళ్ల, అంచున చమ్కీలు. చేతికి తీసుకున్నవాళ్లంతా ఇది అంగట్లో కొన్నదేనన్నారు.

ఆ సాయంత్రం హైవే మీద బతుకమ్మలు వరుసగా పెట్టి ఆడవాళ్లు కూర్చున్నారు. అందరూ పట్టుచీరలు కట్టుకుని, మెడలో దండలు వేసుకుని వచ్చారు. శిబిరం టెంటు కింద మైకు నా చేతిలో ఉంది. గ్రంథాలయంలో చదివిన లెక్కలన్నీ చెబుతూ, మన కొలువులు పరాయివాళ్లు ఎట్లా తన్నుకుపోయారో, ఒకడి కష్టం మీద ఇంకొకడు ఎట్లా పేరు తెచ్చుకుంటాడో ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. అప్పుడే సన్నటి తుంపర మొదలైంది. పెద్ద వానేమీ కాదు, బతుకమ్మల మీద పూలు కూడా కదల్లేదు. కానీ కాసేపటికి ముందు వరుసలో ఎవరో మెడ తడుముకుని చేయి చూసుకున్నారు. గులాబీ చారలు మెడల మీదుగా రవికెల్లోకి, చీరల్లోకి దిగుతున్నాయి. "అయ్యో నా పెండ్లి చీర" అని ఒకామె లేచింది. ఇంకొకామె దండ తెంపి రోడ్డు మీద విసిరింది. అది బోర్లా పడింది. 'శుభలేఖ' అన్న అక్షరాలు పైకి కనిపించాయి.

కమిటీ అక్కది మీగడ రంగు పట్టుచీర. రొమ్ము మీద నుంచి నడుము దాకా గులాబీ మరకలైపోయింది.

"గీ దండలకు రంగేసింది ఎవ్వలే?"

మూడో వరుసలోంచి వదిన లేచి నిలబడింది. "నేనే అక్కా."

"పూలకేసే రంగు దారానికేస్తరా ఎవలన్న? గింత తెల్వనిదానివి పిల్లలకేం నేర్పుతవ్?"

 వదిన ఒక్కసారి టెంటు వైపు చూసింది. ఎక్కువసేపు కాదు. ఆ మైకులో నాలుగు మాటలు చాలు. రంగు నా ఆలోచన, ఆమె తడిపి చూద్దామంది, నేనే వద్దన్నాను. నేను వంగి మైకు వైరు సర్దుకున్నాను. సర్దడానికి అక్కడేమీ లేదు.

బడిలో చేతిపనుల కొలువు కమిటీ అక్క ఆడబిడ్డకు పోయింది. సమ్మె ముగిసి బళ్లు తెరిచాక కమిటీ అక్కే నన్ను పిలిపించింది. "మైకుల మంచిగ మాట్లాడుతవ్, మస్తు చదువుతవ్. మా బళ్లె లైబ్రరీ జూసుకో" అంది. కాదంటానని నన్ను నేను ఒక పూట నమ్మించుకున్నాను. మరుసటి రోజు ఒప్పుకున్నాను. మొదటి రోజు టిఫిను కట్టిచ్చింది వదినే. ఆమె గోళ్ల సందుల్లో గులాబీ అప్పటికీ పూర్తిగా పోలేదు. బిస్కట్ల డబ్బా అటక మీదికి పోయింది. రాష్ట్రం వచ్చిన రోజు వీధంతా పటాకులు కాల్చారు, నేనూ కాల్చాను. తర్వాత కొన్నాళ్లకు అన్నయ్యకు భూపాలపల్లిలో కాంట్రాక్టు పని దొరికి ఇద్దరూ అక్కడికి వెళ్లిపోయారు. వదిన ఇప్పుడు ఒక హాస్టల్లో వంట చేస్తుంది. అక్కడి పిల్లలు ఆమెను ఆయమ్మ అంటారు.

మొన్న ఆ పుస్తకం చేతిలో పట్టుకుని, ఆనాడు తిప్పని పేజీ తిప్పాను. దాని మీద ఒక్క మచ్చ కూడా లేదు. పటిక పని చేసేది ఆకుల రంగులకూ, బెరడు రంగులకూ మాత్రమేననీ, అంగట్లో దొరికే పొడుల సంగతి వేరనీ, ఏ రంగైనా ముందు ఒక పోగు తడిపి తెల్ల గుడ్డతో రుద్ది చూడాలనీ స్పష్టంగా రాసి ఉంది. వదిన అన్న మాటే. ఆమెకు ఆ పేజీ అవసరం లేకపోయింది.

గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని ఆమెకు ఫోను చేశాను. అటు పెద్ద గిన్నెల చప్పుడు. వదినె, ఆ దండల రంగు తప్పు నాదే, ఆ రోజు చెప్పాల్సింది అని ఎట్లాగో ముగించాను. గరిట తిప్పుతూనే అంది:

"నీదని నాకు తెల్వదా తమ్మీ? పక్కనే ఉంటినిగా. గప్పుడు చెప్తె నాకు కొలువు దొరుకుతుండె. ఇప్పుడు చెప్తె నీకు నిద్ర దొరుకుతది. గంతే ఫరక్." కోపంగా అనలేదు. "పిల్లలు తినే టైమైంది, ఫోను వెడ్తున్న" అంది.

లోపలికి వచ్చి పుస్తకాన్ని ఉంచాల్సిన దొంతరలో పెట్టబోతూ, ఆ మచ్చ ఉంటే బాగుండదని, గుడ్డ కొస తడిపి మెల్లగా అద్దాను. నిన్న వేసిన రంగులాగా గులాబీ గుడ్డలోకి ఎక్కింది, అక్కణ్నుంచి నా వేలికి ఎక్కింది. ఇన్నేళ్ల కాలం దాన్ని ఆరబెట్టిందే తప్ప కడగలేదు.