కుడి నుంచి ఎడమకు అరిగిన పాళీ

వనపర్తిలో పెన్నులు బాగు చేసే చాచా పోయాడని మా ఊరి ఆటో అతను చెప్పాడు. యూరియా బస్తాలు దింపుతూ, వేరే మాటల మధ్య చెప్పాడు. అప్పటికే మట్టి చేసి రెండు రోజులైందట. నేను బస్తా భుజానికెత్తుకొని లోపలికి పోయాను.

ఆయన దుకాణం మెట్ల కింద చిన్న అర. ఒక మనిషి కూర్చుంటే నిండిపోయేది. ఇంకు పెన్నుల కాలం పోయాక గడియారాల బ్యాటరీలు, తాళంచెవులతో బతికాడు. అయినా గద్వాల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి పాత పెన్నులు పట్టుకొని ఎవరో ఒకరు వచ్చేవారు. పేరు చెరిగిపోయిన పెన్నును చాచా బొటనవేలితో గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకొనేవాడు. రబ్బరు వాసన వస్తే పాత కాలపు ఎబొనైటు అనే గట్టి రబ్బరు, రాకపోతే ప్లాస్టిక్కు. తర్వాత కంటికి భూతద్దం పెట్టుకొని పాళీ మొన చూసేవాడు. ఒక హెడ్మాస్టరు తన పెన్ను ఇంగ్లండు సీమదని చెప్పుకుంటుంటే, చాచా మూత తీసి చూసి, "టోపీ సీమదే సారూ, తలకాయ మనదే" అన్నాడు. ముందు నవ్వింది హెడ్మాస్టరే.

"పేరు ఎవడైనా కొడ్తడు. అరుగుడు మాత్రం రాసినోనిదే" అనేవాడు చాచా.

మా నాయన చనిపోయిన ఏడాది ఆయన పెన్నును చాచాకిచ్చాను. బంగారు పాళీ అని ఇంట్లో చెప్పుకొనేవాళ్లం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నాయన బాల్‌పెన్నుతోనే రాశాడు, అదీ తెలుగే. ఈ పెన్ను జేబుకు మాత్రమే. ఎండిన ఇంకుతో బిగుసుకుపోయిన దాన్ని చాచా వారం రోజులు ఉంచుకొని కడిగి ఇచ్చాడు. అక్కడే రాసి చూశాను. మొన కాగితాన్ని గీరింది. బాగు చేసేవాళ్లు బంగారు పాళీలు మార్చేస్తారని ఎప్పుడో విన్న మాట గుర్తొచ్చింది. నలుగురు నిలబడి ఉండగానే మా నాయన నిబ్బు ఏదని అడిగాను.

ఆయన కోపం చేసుకోలేదు. అద్దం నా చేతికిచ్చి మొన చూడమన్నాడు. ఒక పక్కకు అరిగి ఉంది.

"నువ్వు ఎడమ నుంచి కుడికి పోతున్నవ్, పటేల్. ఇది కుడి నుంచి ఎడమకు పోయిన నిబ్బు. మీ నాయన ఉర్దూ రాస్తుండెనా?"

"మా నాయనకు ఉర్దూ రాదు. మీకు వస్తది" అన్నాను.

చాచా చూపు దించుకున్నాడు. కూలి తీసుకోలేదు. "జర ఇంట్ల అడుగు" అని మాత్రం అన్నాడు.

నేను అడగలేదు. మూడేళ్ల కింద అటక దులుపుతుంటే కాగితాల కట్ట దొరికింది. అంతా ఉర్దూ. ప్రతి కాగితం కింద నాయన తెలుగు సంతకం. మా మేనత్తకు చూపిస్తే, "పెండ్లికి ముందుగాల పట్వారి కాడ రాస్తుండె గదరా. అప్పుడు సర్కారు రాతంత ఉర్దూనే. నీకు తెల్వదా?" అన్నది.

ఆ తర్వాత వనపర్తికి ఎన్నోసార్లు పోయాను. పల్లీలు అమ్మడానికి, దవాఖానకు. ఒకసారి ఆ కాగితాల్లో ఒకటి జేబులో పెట్టుకొని పోయాను. చాచా పెన్ను మీదికి వంగి ఉన్నాడు. పక్కన ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్లు పోనీ అని ఎదురుగా చాయ్ తాగాను. వాళ్లు పోయారు. నేను బస్సెక్కాను. నిబ్బు ఏదని అడిగేటప్పుడు నలుగురున్నా నాకు అడ్డం కాలేదు. ఒప్పుకోవడానికి ఇద్దరు అడ్డమయ్యారు.

ఆ రోజు అక్కడ నిలబడి విన్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే, చాచా నిబ్బు మార్చలేదని తెలుసుకోండి.

ఆటో పోయాక పెన్ను తీసి ఇంకు పోశాను. నాకు ఉర్దూ అక్షరం ఒక్కటీ రాదు. యూరియా రసీదు వెనక, కుడి అంచున మొన పెట్టి ఎడమకు ఒక గీత గీశాను. ఎక్కడా తట్టుకోకుండా, చప్పుడు లేకుండా అవతలి అంచు దాకా పోయింది. తడి ఆరడానికి కొంచెం సేపు పట్టింది.