మంచి మోకాలికి కట్టు

నా చిన్నప్పుడు మా కాక ఉద్యోగం చీలమండలు పట్టుకోవడం. జీతం కాగితం మీద అలా ఉండేది కాదనుకోండి, అక్కడ బొగ్గు నింపే కార్మికుడనే రాసేవారు. కానీ ఆయన మా గని కబడ్డీ జట్టులో ఎడమ మూలన నిలబడేవాడు. అవతలివాడు కూత పెట్టుకుంటూ వస్తే వాడి చీలమండ దొరకబుచ్చుకుని, వాడి ఊపిరి అయిపోయేదాకా వదలకపోవడమే ఆయన పని. జట్టులో ఉన్నంతకాలం బాయిలోకి దిగే అవసరం లేదు. మా వైపు బొగ్గు గనిని బాయి అనే అంటారు, చిన్నాన్నను కాక అన్నట్టే. పైన దీపాల గదిలో కూర్చుని, షిఫ్టుకు వెళ్ళేవాళ్ళ చేతికి టోపీ దీపాలు ఇచ్చి, తిరిగొచ్చినవాళ్ళ దగ్గర తీసుకోవడం ఆయన డ్యూటీ. మా తాత బాయిలోనే పోయాడు. అందుకని మా అవ్వ కబడ్డీని ఏనాడూ ఆటగా చూడలేదు.

పట్టేవాడి బతుకులో ఒక చిక్కుంది. కూతకు వెళ్ళి ముగ్గురిని తాకి వచ్చినవాణ్ణి జనం భుజాల మీద ఎత్తుకుంటారు. పట్టినవాణ్ణి ఎవరూ ఎత్తుకోరు, అప్పటికి వాడు ఇంకా నేలమీదే ఉంటాడు. ఇప్పుడు టీవీలో ఒక్క పట్టును అన్ని వైపుల నుంచీ తిప్పి తిప్పి చూపిస్తున్నారు. మా కాకను ఒక్క వైపు నుంచి చూసినవాళ్ళు కూడా తక్కువే.

ఎనిమిదేళ్ళు ఆడాక ఆయన కుడి మోకాలు అరిగిపోయింది. ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే. రోజూ పొద్దున వావిలాకు వేడి చేసి మోకాలికి కాపడం పెట్టే పని నాది. అవ్వకు ఎందుకు చెప్పలేదంటే, అవ్వ ఏడిస్తే మా క్వార్టర్ల వరుస మొత్తానికి వినిపించేది. ఆ ఏడు ఫైనల్ దాకా జట్టులో నిలిస్తే పైన ఉద్యోగం పక్కా చేయిస్తానని గని మేనేజరు పెద్దసారు కాకకు మాటిచ్చాడట. మోకాలి సంగతి బయటపడితే ఆ మాటకూ, దీపాల గదికీ నీళ్ళొదులుకోవాల్సిందే.

అప్పుడు కాక ఒక ఉపాయం చేశాడు. చిన్న బెణుకేనని మనవాళ్ళకు చెప్పి, బాగున్న ఎడమ మోకాలికి ఇంత లావు తెల్లకట్టు కట్టుకుని మైదానంలోకి దిగాడు, కాస్త కుంటుతూ. కట్టు చూడగానే అవతలి జట్టుకు ధైర్యం వచ్చేది. ఆ కాలి వైపే వచ్చేవాళ్ళు, వచ్చినవాళ్ళు వచ్చినట్టే దొరికేవాళ్ళు. ఆ సీజన్లో ఆయన పట్టినంత మందిని ముందెప్పుడూ పట్టలేదు. పదేళ్ళ పిల్లకు అంత గొప్ప రహస్యం కడుపులో ఇముడుతుందనుకోవడం ఒక్కటే ఆయన చేసిన తప్పు.

పక్కింటి అన్న కూడా మా జట్టువాడే, ఎక్కువగా బెంచీ మీద. కాక ఆడని రోజున ఎడమ మూల ఆయనది. మా కాక ఎప్పుడూ ఆడేవాడు. అన్న మంచివాడు. నాకు సైకిల్ నేర్పుతానని తనంతట తానే అన్నాడు. ఫైనల్‌కు రెండు రోజుల ముందు సీటు పట్టుకుని వెనకాలే పరుగెత్తుతూ అడిగాడు.

"మీ కాకకు ఎడమకాలు మస్తు నొప్పి పెడ్తుందా చెల్లే? పాపం, చూస్తే బాధైతుంది."

మా కాకను ఎవరైనా పాపం అంటే నేను ఊరుకుంటానా? "ఎడమది కాదన్నా, కుడిది. గా కట్టు ఉత్తదే!" అన్నాను.

"అబ్బో! మీ కాక దిమాకే దిమాక్ తియ్!" అంటూ నవ్వి ఆయన చేయి వదిలేశాడు. నేను పడలేదు. ఆ రోజే నాకు సైకిల్ వచ్చింది.

ఫైనల్లో అవతలి జట్టు మొదటి కూతగాడు కట్టు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా కుడి మోకాలి మీదికే వచ్చాడు. ఆ మోకాలు మెలిపడిన చప్పుడు నాకు వినిపించిందని ఇప్పటికీ అనిపిస్తుంది, అంత గోలలో వినపడే వీలు లేదనుకోండి. కాక మాత్రం చీలమండ వదల్లేదు. పాయింటు మనదే. మ్యాచ్ కూడా మనదే. జట్టు కప్పు చుట్టూ చేరింది, కాకను దవాఖానకు తీసుకుపోయారు.

అక్కడ మంచం మీద అడిగాడు. "కట్టు సంగతి ఎవలకన్న చెప్పినవా బిడ్డా?"

"పక్కింటి అన్నకు ఒక్కనికే."

"ఒక్కనికే కదా. ఏడువకు," అన్నాడు. అవ్వ వచ్చి ఎట్లయిందిరా అని నెత్తి కొట్టుకుంటే, నేనే తప్పు నిలబడ్డనే అన్నాడు. ఇంట్లో ఇప్పటికీ అందరూ నమ్మేది ఆ మాటే.

మూడు నెలల తర్వాత పెద్దసారుకు ఇచ్చిన మాట గుర్తులేదు; నడుస్తున్నాడు గనుక పనికొస్తాడని గని డాక్టరు రాస్తే కాకను బాయిలోకి పంపారు. ఎడమ మూలతో పాటు దీపాల గదిలో కుర్చీ కూడా పక్కింటి అన్నకు వచ్చింది. ప్రతి షిఫ్టుకూ కాక తన దీపాన్ని ఆయన చేతి నుంచే తీసుకునేవాడు. ఇద్దరూ మర్యాదగానే ఉండేవారని విన్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఒక సాయంత్రం పక్కింటి అన్న మా వాకిట్లోకి వచ్చి కాకను అడిగాడు. "అన్నా, నా చేతుల పట్టు ఆగుతలేదు. జర చూపియ్యవా?"

"వానికి నేర్పుతవారా? సిగ్గుందా నీకు?" అని అవ్వ లోపలి నుంచే అరిచింది.

"వాడు ఓడితే ఓడేది మన బాయే కదనే," అన్నాడు కాక.

వారం రోజులు నేర్పాడు. కూతకొచ్చేవాడి స్థానంలో నన్నే నిలబెట్టాడు. నేను కబడ్డీ కబడ్డీ అంటూ పోవడం, అన్న వచ్చి నా చీలమండ పట్టుకోవడం. ఎప్పుడు వంగాలో, ఏ చేయి ముందు పోవాలో కాక స్టూలు మీద కుంటికాలు చాపుకుని చెప్పేవాడు. ఆఖరి రోజు అన్న దండం పెట్టి వెళ్ళాక, నేను ఉక్రోషంగా అడిగాను.

"అన్నీ చెప్పేసినవా కాకా?"

"అన్నీ చెప్పిన. ఒక్కటి దాసిన."

"ఏంది?"

నా వైపు చూసి నవ్వాడు. అందులో కోపమేమీ లేదు, ఉంటే నాకు సులువయ్యేది. "నీకు చెప్తే వానికి నేర్పినట్టే గద బిడ్డా."

ఆ ఒక్కటి ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ముప్పై ఏళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పాను. ఎవరికీ చెప్పొద్దు మేడమ్ అంటూ పిల్లలు చెప్పుకున్నవన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఎవరైనా మరొకరి నొప్పి గురించి మరీ జాలిగా ఆరా తీస్తే, ముందు వాళ్ళ చూపు ఏ కుర్చీ మీదుందో వెతుకుతాను. చాలాసార్లు కుర్చీ కనిపిస్తుంది.

కాక పదవీ విరమణ దాకా బాయిలోకి దిగాడు. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా మోకాలు ఎట్లుందని అడిగేదాన్ని. "మంచిగుంది బిడ్డా," అనేవాడు. బయటివాళ్ళు అడిగినా అదే అనేవాడు.