తంబురా మీది అరచెయ్యి

ఆబిడ్స్‌లో మా సంగీత పాఠశాల నడిపిన పంతులమ్మ కూరగాయలామెతో బేరమాడాలన్నా ముందు తంబురా తీగలమీద అరచెయ్యి పెట్టి నాదం ఆపేవారు. "శ్రుతి మోగంగ అబద్ధం నోటికి రాదు బిడ్డా," అనేవారు.

పోలీసు చర్య తర్వాత ఊళ్లో కుదురు లేదు. పిల్లలు ఏడుగురే మిగిలారు. ఆఫీసుకోసం మా గది తీసుకుంటామని సర్కారు నుంచి కబురొచ్చింది. నలభైమంది చదువుతుంటే వదిలేస్తారట. మా అధ్యక్షుడైన వకీలు మాట విని రిజిస్టరులో దొంగపేర్లు రాసింది బడి లెక్కలు చూసే నేనే.

సర్కారు అధికారి వచ్చేసరికి పాఠం జరుగుతోంది. "పిల్లలెందరమ్మా?" అన్నాడు అధికారి, రిజిస్టరు తిరగేస్తూ.

ఆమె చెయ్యి తీగలదాకా వెళ్లి వెనక్కి వచ్చింది. తంబురా మోగుతూనే ఉంది.

"ఏడుగురు."

అధికారి వెళ్లగానే అక్కడే కూర్చున్న వకీలు లేచాడు. "ఏందమ్మా, గిట్ల చేస్తిరి? జర చెయ్యి పెట్టి చెప్పకపోతిరా!"

"చెయ్యి పెట్టినా ఏడుగురే గద, వకీల్‌సాబ్."

గది పోయింది. మర్నాడు నాంపల్లిలో ఆమె ఇంటి అరుగుమీదికి ఏడుగురూ పాఠానికి వచ్చారు. బడిని ఆమే ముంచిందని వకీలూ, బడి కమిటీ పెద్దమనుషులూ చచ్చేదాకా చెప్పుకున్నారు, సిగ్గులేకుండా! దొంగపేర్లు రాసిన నన్ను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమె కూడా.